అక్కడ మనవాళ్లెవరున్నారు?

పోర్ట్ ఆఫ్ స్పెయిన్ అనే పేరు మన తెలుగువాళ్లలో చాలామందికి క్రికెట్ వల్లనే తెలుసు. వెస్టిండీస్ మీద మన జట్టు మొట్టమొదటి టెస్టు గెలిచింది 1971 మార్చిలో, ఆ ఊరి క్వీన్స్ పార్క్ ఓవల్ మైదానంలోనే. ఆ టెస్టు తొలి బంతికే వికెట్ పడగొట్టినవాడు మా హైదరాబాదీ సయ్యద్ ఆబిద్ అలీ. నేను పుట్టకముందు సంగతి అది. అయినా మా అబ్బా నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఇప్పటి పిల్లలకైతే ఆ ఊరు టూరిస్టు బొమ్మల్లో కనిపిస్తుంది. నీలం సముద్రం, కొబ్బరిచెట్లు, ఎండ. కరీబియన్ దీవులంటేనే ఎండను అమ్ముకునే చోట్లని పేరుపడిపోయింది.

ఎండ కోసమైతే హైదరాబాదువాడు సముద్రాలు దాటి పోవాల్సిన పనిలేదు. మే నెల మధ్యాహ్నం నాంపల్లి స్టేషన్ ముందు నిలబడితే చాలు. నేను ట్రినిడాడ్ రాజధానికి పోవాలనుకుంటున్నది వేరే పని మీద. అక్కడ మొహర్రం జరుగుతుంది. దాన్ని వాళ్లు 'హోసే' అంటారు. 'యా హుసేన్' అన్న కేక అక్కడి జనం నోట్లో నలిగి నలిగి 'హోసే' అయింది. మా ఊళ్లో అలావా చుట్టూ తిరుగుతూ జనం 'అసోయ్ దూలా' అన్నట్టే. ఆ పండుగను కళ్లారా చూడాలి. రెండేళ్లుగా కొద్దికొద్దిగా డబ్బు కూడబెడుతున్నాను, దొరికిన పుస్తకమల్లా చదువుతున్నాను, విమానాల దారులు వెతుకుతున్నాను.

ఈ మాట బయటికి చెప్పినప్పటి నుంచి ప్రశ్నలు మొదలయ్యాయి. మా డెస్కులో ఒక మిత్రుడు, మంచివాడే, 'దుబాయ్‌లో ఏమన్నా ఉద్యోగం చూసుకుంటున్నావా' అని అడిగాడు. కాదు, ట్రినిడాడ్ అన్నాను. 'అక్కడ కూడా మీవాళ్లున్నారా' అన్నాడు. మసీదులో నా పక్కన నమాజు చేసే పెద్దాయన, 'ఆ పైసలతో ఉమ్రా చేసి రావచ్చు గదా బేటా' అన్నాడు. ఇద్దరిదీ ప్రేమే. కానీ ఇద్దరి మాటల్లోనూ ఒకటే లెక్క ఉంది. ముస్లిం సముద్రం దాటాలంటే రెండే కారణాలుండాలి. ఒకటి మక్కా, రెండోది గల్ఫ్ కూలి. ఊరికే చూడడానికి, తెలుసుకోవడానికి పోతానంటే ఎవరికీ నమ్మకం కుదరదు. పక్కింటాయన యూరప్ పోయి ఫోటోలు దిగి వస్తే ఎందుకు పోయావని ఎవరూ అడగరు. మేం పోతే కారణం చెప్పాలి. ఇంట్లోవాళ్లకూ చెప్పాలి, బయటివాళ్లకూ చెప్పాలి.

మా అమ్మీ అడిగింది మాత్రం ఇంకో రకం. 'వాఁ అప్నే లోగాఁ కౌన్ హైఁ రే?' అంది. అక్కడ మనవాళ్లెవరున్నార్రా అని. ఊరుగాని ఊళ్లో కొడుక్కి జ్వరమొస్తే గంజి కాచి పోసేవాళ్లెవరన్నది ఆమె దిగులు. కానీ 'అప్నే లోగాఁ' అన్న ఆ మాట నాకు వేరుగా తగిలింది. మనవాళ్లంటే ఎవరు? మతం వాళ్లా? భాష వాళ్లా? ఊరి వాళ్లా? ఈ దేశంలో మమ్మల్ని రోజూ అడిగే ప్రశ్న ఇదే కదా! మీరు ఎవరివాళ్లు అని.

ట్రినిడాడ్‌లో ఎవరున్నారో నాకు తెలిసినంత చెప్తాను.

1845 మే 30న కలకత్తా నుంచి బయల్దేరిన ఒక ఓడ పోర్ట్ ఆఫ్ స్పెయిన్ రేవుకు చేరింది. అందులో రెండు వందల పైచిలుకు మన మనుషులున్నారు. బ్రిటిష్ వలసల్లో బానిసత్వం 1838 నాటికి పూర్తిగా పోయింది. విడుదలైన నల్లజాతి జనం పాత తోటల్లో పాత కూలికి పనిచేయమన్నారు. చెరకు కొట్టేవాళ్లు కావాలి. దొరలకు మన కరువు జిల్లాలు కనిపించాయి. అయిదేళ్ల కట్టుబాటు మీద వేలిముద్ర వేయించి ఓడ ఎక్కించారు. ఆ మొదటి ఓడ పేరు రికార్డుల్లో 'ఫాటెల్ రజాక్' అని ఉంటుంది. 'ఫతహ్ అల్ రజ్జాక్' అన్నది ఇంగ్లీషు గుమాస్తా కలం కింద అలా అయింది. అన్నం పెట్టే అల్లా పేరు మోస్తున్న ఓడలో అన్నం లేని హిందువులు, ముస్లింలు కలిసి పోయారు. 1917 దాకా ఆ దీవికి అలా పోయినవాళ్లు లక్షా నలభై వేలకు పైనే. ఎక్కువమంది ఇవాళ్టి ఉత్తరప్రదేశ్, బీహార్ జిల్లాలవాళ్లు. కొందరు మద్రాసు రేవు నుంచి పోయారు. వాళ్లలో తమిళులూ ఉన్నారు, మన తెలుగువాళ్లూ ఉన్నారు.

అయితే అక్కడ తెలుగువాడు తెలుగువాడిగా మిగల్లేదు. మద్రాసు ఓడ దిగినవాళ్లందరికీ కలిపి 'మద్రాసీ' అని ఒకటే పేరు. మారిషస్‌లో తెలుగు ఏదో రూపంలో నిలబడింది. ట్రినిడాడ్‌లో ఆ అదృష్టం పట్టలేదు. తెలుగే కాదు, తమిళం పోయింది, ఉర్దూ పోయింది, చివరికి అందరికన్నా ఎక్కువమంది మాట్లాడిన భోజ్‌పురి కూడా పాటల్లోకి, వంట పేర్లలోకి ఒదిగిపోయింది. రెండు భాషల మధ్య బతికే నాలాంటివాడికి ఇది చదవడం తేలికైన పని కాదు. ఇంట్లో ఉర్దూ మాట్లాడితే 'మీది తెలుగు కాదు' అంటారు. తెలుగులో రాస్తే 'ముస్లిం అయి ఉండి ఇంత తెలుగా' అని ఆశ్చర్యపోతారు. అక్కడ రెండు భాషలూ పోయాక ఏం మిగిలిందో చూడాలనిపించింది. మిగిలినవాటిలో పెద్దది హోసే.

కూలీలకు తోట దాటి పోవాలంటే చీటీ కావాలి. చీటీ లేకుండా రోడ్డు మీద దొరికితే జైలు. అలాంటి బతుకులో ఏడాదికి ఒక్కసారి, మొహర్రం పదో రోజున, తోటలన్నీ కదిలేవి. వెదురుతో, రంగు కాగితాలతో తాజియాలు కట్టి, డోళ్లు కొట్టుకుంటూ పట్నాల మీదుగా నీళ్ల దాకా నడిచేవాళ్లు. తాజియాను వాళ్లు 'తాజా' అంటారు. ముస్లింల పండుగే గానీ మోసేవాళ్లలో హిందువులే ఎక్కువ. నల్లజాతివాళ్లు వచ్చి డోళ్లు వాయించేవాళ్లు. ఇది దొరలకు కలవరం పుట్టించింది. చెరకు ధర పడిపోయి తోటల్లో సమ్మెలు జరుగుతున్న రోజులవి. 1884లో ఊరేగింపులు పట్నాల్లోకి రాకూడదని చట్టం తెచ్చారు. ఆ చట్టం వద్దని అర్జీ పెట్టుకున్నవాళ్లలో ముందున్న పేరు సుఖూ అనే హిందువుది. హుసేన్ పేరు మీద జరిగే ఊరేగింపు కోసం ఒక హిందువు సర్కారుకు అర్జీ పెట్టాడు! అర్జీ చెల్లలేదు. ఆ ఏడు అక్టోబర్ 30న, దక్షిణాన ఉన్న శాన్ ఫెర్నాండో పట్నం పొలిమేరల్లో, తాజాలు మోసుకొస్తున్న జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. కనీసం 16 మంది చచ్చిపోయారు. వందమందికి పైగా గాయపడ్డారు. చచ్చినవాళ్లలో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. విచారణకు జమైకా గవర్నరు హెన్రీ నార్మన్ వచ్చాడు. తప్పంతా కూలీల మీదికే పోయింది.

కర్బలా కథ విని ఏడవడం ఒకటి. కర్బలా పేరు మీద నిజంగా తుపాకీ గుండు తినడం ఇంకొకటి. ఈ సంగతి మా ఉర్దూ మీడియం పుస్తకాల్లోనూ లేదు, తెలుగు వాచకాల్లోనూ లేదు. నా నలభయ్యో పడిలో, ఒక పుస్తకంలో చదివి తెలుసుకున్నాను.

ఇప్పుడు మా ఊరి సంగతి చెప్పాలి. లేకపోతే నేనెందుకు పోతున్నానో మీకు పూర్తిగా అర్థం కాదు.

మాది నల్లగొండ జిల్లాలో మూసీ పక్కన ఒక ఊరు. మా దాదా పీర్ల కొట్టం ముజావర్. కుతుబ్‌షాహీల కాలం నుంచి ఈ నేల మీద పీర్లు లేస్తున్నాయి. హైదరాబాదులో బాద్‌షాహీ అశూర్‌ఖానా కట్టింది ముహమ్మద్ కులీ కుతుబ్‌షా. ఆ అలంలు పల్లెలకు వచ్చేసరికి పీర్లయ్యాయి. మా ఊళ్లో పెద్ద పీరు ఎత్తేది ఒక గొల్ల ఇంటివాళ్లు. తరతరాలుగా అది వాళ్ల హక్కు. డప్పు కొట్టేది మాదిగవాడ. పిల్లలు పుట్టాలని మొక్కి దట్టీలు కట్టేది అన్ని కులాల ఆడవాళ్లూ. మా దాదా ఊదు వేసి ఫాతెహా చదివేవాడు. మలీద అందరికీ పంచేవాడు. మా ఇంట్లో ఎవరూ షియాలు కారు. దాదాకు ఆ తేడా తెలుసో లేదో కూడా నాకు అనుమానమే. ఆయనకు తెలిసింది ఒకటే. హుసేన్ మన కోసం చచ్చిపోయాడు, ఊరంతా ఏడవాలి.

ఇప్పుడు మా ఊళ్లో పెద్ద పీరు లేవడం లేదు. మా వైపు చదువుకున్న కుర్రాళ్లు అది బిద్అత్ అన్నారు, దీన్‌లో లేని పని అన్నారు. వాళ్ల వైపు కుర్రాళ్లు సాయెబుల దేవుణ్ణి మనమెందుకు మొయ్యాలన్నారు. రెండు వైపుల కుర్రాళ్లూ ఒకరితో ఒకరు ఎప్పుడూ కూచుని మాట్లాడుకోలేదు. అయినా ఈ ఒక్క విషయంలో ఇద్దరూ ఒకటే తీర్మానం చేశారు! మధ్యలో గొల్ల ఇంటి పెద్దాయన, ఎత్తే భుజం ఉండి కూడా ఇంటరుగు మీద కూచున్నాడు. ఆయన మనవాడా, పరాయివాడా? మా అమ్మీని అడిగితే తడుముకోకుండా 'అప్నాచ్ హై' అంటుంది. కాగితాలు మాత్రం అలా అనవు.

అందుకని పోర్ట్ ఆఫ్ స్పెయిన్. ఆ ఊరికి పడమర పక్క సెయింట్ జేమ్స్ అనే పేట ఉంది. ఒకప్పుడు చెరకు తోట. తర్వాత కూలీలు గుడిసెలేసుకుంటే 'కూలీ టౌన్' అన్నారు. అక్కడి వీధుల పేర్లు వింటే నవ్వూ వస్తుంది, దుఃఖమూ వస్తుంది. కలకత్తా వీధి, లక్నో వీధి, ఢిల్లీ వీధి, మద్రాస్ వీధి. ఆ పేటలోనే ఇప్పటికీ హోసే జరుగుతుంది. ఒక రాత్రి జెండాలు, మర్నాటి రాత్రి చిన్న తాజాలు, ఆ తర్వాత పెద్ద తాజాలు. వాటితోపాటు రెండు చందమామలు. ఒకటి పచ్చది, విషంతో పోయిన హసన్‌ది. ఒకటి ఎర్రది, నెత్తురోడి పోయిన హుసేన్‌ది. బరువైన ఆ చందమామల్ని భుజాల మీద ఎత్తి గిర్రున తిప్పుతూ ఆడతారు. చివరికి తాజాలను సముద్రంలో కలుపుతారు. వాయించేది తాసా. మన తాషానే. రోడ్డు పక్క మంట వేసి తాసా చర్మాన్ని కాచుకుని బిగించుకుంటారట. మా మాదిగవాడ వాళ్లు అలావా సెగకు డప్పు కాచుకున్నట్టే. ఈ ఒక్క వాక్యం చదివిన రాత్రే పోవాలని నిశ్చయించుకున్నాను.

అక్కడంతా బాగుందని మాత్రం నేను అనుకోవడం లేదు. అక్కడి సున్నీ ముస్లింలలో చాలామంది హోసేను ఒప్పుకోరు. షియా మతపెద్దలు కొందరికి ఆ డోళ్లూ ఆటలూ సంతాపానికి తగనివిగా కనిపించాయి. ఊరేగింపు చూడవచ్చేవాళ్లలో తాగి గంతులేసేవాళ్లుంటారని తాజాలు కట్టే కుటుంబాలే బాధపడతాయి. ఆ కుటుంబాలు నలభై రోజులు నియమంగా ఉండి, మాంసం ముట్టకుండా వెదురు చీలుస్తాయి. ఏ మతగ్రంథమూ, ఏ ప్రభుత్వమూ వాళ్లకు అండ కాదు. తాతలు చేశారు గనక మేమూ చేస్తున్నాం అంటారు. వాళ్లు ఎలా నిలబడ్డారన్నదే నేను అడగాల్సిన మొదటి ప్రశ్న.

ఆ దేశం రాజకీయమూ అంతే చిక్కు. భారత సంతతివాళ్లు, ఆఫ్రికా సంతతివాళ్లు జనాభాలో దాదాపు సమానం. ఇద్దరి మధ్యా ఓట్ల గోడ ఉంది. ముస్లింలు నూటికి అయిదుగురే. అయినా 1966 నుంచి దీపావళీ, ఈద్-ఉల్-ఫితర్ రెండూ జాతీయ సెలవు దినాలు. 1987 నుంచి 1997 దాకా నూర్ హసనలీ అనే ముస్లిం ఆ దేశాధ్యక్షుడు. ఆయన పదవిలో ఉన్నప్పుడే, 1990 జులై 27న, జమాత్ అల్ ముస్లిమీన్ అనే సంస్థ తుపాకులతో పార్లమెంటులోకి చొరబడి ప్రధానమంత్రిని బందీ చేసింది. ఆరు రోజులు ఊరు తగలబడింది. ఇరవై మందికి పైగా ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత కూడా హసనలీ అధ్యక్షుడిగా తన కాలం పూర్తిచేసుకున్నాడు. ఇది నేను రెండుసార్లు చదివాను. తుపాకీ పట్టినవాడూ ముస్లింే, రాజ్యాంగం మీద ప్రమాణం చేసినవాడూ ముస్లింే. మొదటివాడి లెక్క రెండోవాడి మీద రాయలేదు. ఇక్కడ ఎక్కడ బాంబు పేలినా మర్నాడు ఆఫీసుకు పోవడానికి మేం ఎందుకు గుండె చిక్కబట్టుకోవాల్సి వస్తుందో మీరే ఆలోచించండి.

ఇక ప్రయాణం లెక్కలు. ట్రినిడాడ్‌లో జనవరి నుంచి మే దాకా ఎండాకాలం, జూన్ నుంచి డిసెంబర్ దాకా వానలు. టూరిస్టులు ఎండాకాలంలో, కార్నివాల్ రోజుల్లో పోతారు. మొహర్రం చంద్రుడి లెక్క. ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2025లో ఆషూరా జులై మొదటివారంలో వచ్చింది, 2026లో జూన్ చివర. అంటే వానలోనే. 2030 నాటికి మే నెలలోకి వస్తుంది. అప్పటిదాకా ఆగితే ఎండా దొరుకుతుంది, హోసే కూడా దొరుకుతుంది. కానీ అప్పటికి నాకు మోకాళ్లుండాలి గదా!

భారత పాస్‌పోర్టు ఉన్నవాడు ఆ దేశంలో దిగడానికి ముందుగా వీసా తీసుకోనక్కర్లేదు. అసలు చిక్కు దారిలో ఉంది. న్యూయార్కులోనో మయామీలోనో విమానం మారాలంటే, కాలు బయట పెట్టకపోయినా అమెరికా వీసా కావాలి. వీసా అడగని దేశానికి పోవడానికి వీసా అడిగే దేశం గడప దాటాలి. నా పేరున్న పాస్‌పోర్టుతో ఆ వరసలో నిలబడడం ఎలా ఉంటుందో విడమరిచి చెప్పక్కర్లేదు. పచ్చజ్వరం టీకా కూడా వేయించుకోవాలి. ట్రినిడాడ్ నుంచి తిరిగొచ్చేవాళ్ల దగ్గర ఆ టీకా పత్రం లేకపోతే మనవాళ్లే విమానాశ్రయంలో ఆపేస్తారు. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. 2024 డిసెంబర్ చివర్లో ముఠాల హత్యలు పెరిగి ఆ దేశంలో అత్యవసర పరిస్థితి పెట్టారు. 2025 జులైలో మళ్లీ పెట్టారు. అందుకే టిక్కెట్టు కొనేముందు అక్కడి వార్తలు చూసుకోవాలి. పాత్రికేయుణ్ణి గనక ఆ పని ఎలాగూ రోజూ చేస్తున్నాను.

ఆ వార్తల్లోనే ఒకటి నన్ను చాలాసేపు ఆపేసింది. 2025 జులైలో మన ప్రధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్ వెళ్లి, అక్కడి భారత సంతతివాళ్లకు ఆరో తరం దాకా ప్రవాస భారతీయ పౌరసత్వ కార్డు ఇస్తామని ప్రకటించారు. మంచిదే. నాకు సంతోషమే. వాళ్లకు ఆ కార్డు రావాలంటే పూర్వీకులు ఇక్కడివాళ్లేనని రుజువు కావాలి. ఆ రుజువు ఎక్కడుంది? కూలీని ఓడ ఎక్కించేటప్పుడు దొరలు రాసిన కాగితంలో ఉంది. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఠాణా, జిల్లా, ఒంటి మీద మచ్చ. ముస్లిం అయితే కులం దగ్గర 'ముసల్మాన్' అని రాసేవాళ్లు. మనిషిని సరుకులా లెక్కపెట్టుకోవడానికి రాసిన కాగితం, నూటెనభై ఏళ్ల తర్వాత అతని మునిమనవడికి ఈ దేశంతో చుట్టరికం కలుపుతోంది.

మా దాదా ఎవరికీ కూలీగా అమ్ముడుపోలేదు. మూసీ దాటి పెద్దగా పోలేదు కూడా. అందుకని ఆయన పేరు మీద అలాంటి కాగితం లేదు. 2019 డిసెంబర్‌లో పౌరసత్వ చట్టం సవరించినప్పుడు, రేపు జాబితా రాస్తారట, తాతల కాగితాలు అడుగుతారట అని మా గల్లీలో ఇంటింటా పెట్టెలు తెరిచారు. మా అమ్మీ కూడా తెరిచింది. దాదా పేరు మీద దొరికింది ఒక్కటే. పీర్ల కొట్టానికి ఊరివాళ్లు ఇచ్చిన ధాన్యం లెక్క, ఉర్దూలో రాసుకున్నది. గొల్ల ఇంటి నుంచి ఎన్ని శేర్లు, మాదిగవాడ నుంచి ఎన్ని, కాపుల నుంచి ఎన్ని. ఏ ఆఫీసులోనూ చెల్లని కాగితం. కానీ మా దాదా ఈ ఊరివాడని అంతకన్నా గట్టిగా చెప్పే సాక్ష్యం నా దగ్గర ఇంకోటి లేదు.

ఆ కాగితం నకలు తీయించి పెట్టుకున్నాను. అది సెయింట్ జేమ్స్‌లో తాజా కట్టేవాళ్లకు చూపిస్తాను. వాళ్లకు ఉర్దూ రాదు, నేను చదివి ఇంగ్లీషులో చెప్తాను. ఎవరెవరు ఎంత ధాన్యం ఇచ్చారో విన్నాక, మీ పేటలో వెదురు ఎవరిస్తారు, కాగితం ఎవరు కొంటారు, చందమామ ఎవరెత్తుతారు అని అడుగుతాను. చెప్పింది రాసుకుంటాను. తిరిగొచ్చాక అది తెలుగులోనూ రాస్తాను, ఉర్దూలోనూ రాస్తాను. మా ఊరి రెండు వైపుల కుర్రాళ్లూ చదవాలి. గొల్ల ఇంటి పెద్దాయనకు చదువు రాదు. ఆయనకు నేనే చదివి వినిపిస్తాను.

అక్కడివాళ్లు నన్ను నీదే ఊరని అడుగుతారు. హైదరాబాదు అంటే కొందరికి తెలియవచ్చు. తెలంగాణ అంటే తెలియకపోవచ్చు. మద్రాసు దగ్గరా అంటారేమో. కాదు అంటాను. మూసీ పక్కన ఒక ఊరని చెప్పి, దాని పేరు చెప్తాను.